మూత తీసిన గుజ్జుగిన్నె

హౌలానీ నోటికి తాళం వేయగల మొనగాడు మొలొకాయి దీవిలో పుట్టలేదని ఊరంతా అనుకునేది. ఊరిని తప్పు పట్టడానికి లేదు. ఆవిడ బడి వంటింట్లో ఇరవై ఆరేళ్ళు గరిటె తిప్పింది, గరిటె కంటే నాలుకే ఎక్కువ తిరిగింది. పిల్లవాడెవడైనా పళ్ళెంలో అన్నం వదిలేస్తే, "మీ అమ్మ నిన్ను కన్నరోజున నీ ఆకలిని ఆస్పత్రిలో మర్చిపోయి వచ్చిందట్రా?" అనేది. హెడ్మాస్టరు భోజనానికి ఆలస్యమైతే, "రండి రండి, మీరు వచ్చేదాకా సూర్యుణ్ణి నడినెత్తినే పట్టుకుని ఆపాను" అనేది. ఆమె భర్త కలూనాకి సగం చెవుడు. అది పుట్టుకతో వచ్చింది కాదు, పెళ్ళితో వచ్చిందని అతని స్నేహితుల మాట.

అలాంటి మనిషి నోటిని ఒక పూటంతా మూసిపెట్టింది ఒక చెక్క గిన్నె. అది పరాయి గిన్నె కూడా కాదు, వాళ్ళ నాయనమ్మది.

ఇక్కడ చేమగుజ్జు లేనిదే అది భోజనం కాదు. చేమదుంపలు ఉడికించి, రాతి రోకలితో మెత్తగా దంచి, నీళ్ళు కలిపి గిన్నెలో పోస్తారు. గిన్నె మూత తీశాక, గుజ్జు అయిపోయి మళ్ళీ మూసేదాకా ఎవ్వరూ కోపం మాట ఎత్తకూడదు. తగువు, ఫిర్యాదు, పంపకం, ఏవీ కూడదు. ఎందుకంటే చేమ అందరికీ పెద్దన్న. ఆదిలో తొలిచూలు బిడ్డ ఊపిరి లేకుండా పుడితే మట్టిలో పెట్టారు, అక్కడ మొలిచిందే చేమ. ఆ తర్వాత పుట్టినవాడు మనిషి. పెద్దన్న ఎదురుగా కూర్చుని ఉండగా తమ్ముళ్ళు కొట్టుకుంటే ఏం మర్యాద?

ఈ మర్యాదకి మా తూర్పు తీరంలో కాపలాదారు హౌలానీయే. ఒకసారి ఆవిడ మరిది అన్నం దగ్గర తన వల ఎవరో చింపేశారని సణిగాడు. గరిటెతో అతని చేతిమీద ఒక్కటేసి, "మూత కనిపించడం లేదా? కళ్ళు కూడా వలలోనే పోయాయా?" అంది. పాపం, ఆయన ఆ వల సంగతి మళ్ళీ ఎత్తింది మూడు రోజుల తర్వాతే.

ఆమెకి కడుపున పుట్టినవాళ్ళు లేరు. రెండుసార్లు నిలిచాయి, రెండుసార్లూ పోయాయి. ఆ మాట మాత్రం ఎవరి దగ్గరా ఎత్తేది కాదు. చెల్లెలు చనిపోతే చెల్లెలి కూతురు మొకిహానాని ఆరో ఏట తెచ్చుకుని పెంచింది. పిల్ల పెద్దదై హోనోలులు వెళ్ళి ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే పనిలో కుదిరింది. పోయిన ఏడు, ఇరవయ్యేళ్ళ వయసులో, పన్నెండు రోజుల పసికందుని తువ్వాల్లో చుట్టుకుని విమానం దిగి వచ్చింది. తండ్రి ఎవరో చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

"పెద్దమ్మా, నేను రాత్రి పనిలో ఉంటాను. దీన్ని నేను సాకలేను. పేగులతో సహా ఇది నీదే" అని పిల్లని ఒళ్ళో పెట్టింది.

పేగులతో సహా అంటే ఇక్కడ దానికి తిరుగు లేదు. అలా అని ఇచ్చిన బిడ్డని వెనక్కి అడగరు. కలూనా మాత్రం ఆ రాత్రే అన్నాడు, "టౌన్లో ఆఫీసుకెళ్ళి కాగితం రాయించుకుందామే" అని. హౌలానీ అతన్ని తినేసినంత పని చేసింది. "అది నోటితో ఇచ్చింది, నేను ఒళ్ళో పట్టుకున్నాను. మధ్యలో గుమాస్తాగాడి ముద్ర దేనికయ్యా? బిడ్డనా, బియ్యం బస్తానా?"

పిల్లకి నోహెయా అని పేరు పెట్టింది. బడి పని మానేసింది. ఆరో నెలలో తన చూపుడు వేలిని గుజ్జులో ముంచి నోట్లో పెడితే పిల్ల ఆ వేలిని అలా పట్టుకుని వదల్లేదు. అది మొదలు నోహెయాకి చెంచా అంటే గిట్టదు. వేలు ఉండాలి, దాని మీద గుజ్జు ఉండాలి.

ఏడాది నిండింది. ఏడాది నిండిన బిడ్డకి లువావు విందు చేయకపోతే ఊళ్ళో తలెత్తుకోలేం. పిలుపులుండవు, అందరూ వస్తారు. కలూనా ముందురోజే పెరట్లో గొయ్యి తవ్వి, రాళ్ళు కాల్చి, అరటి బోదెలు చీల్చి పరిచాడు. తెల్లవారుజామున పందిని అందులో పెట్టి, ఆకులు కప్పి, తడి గోనెలు కప్పి, మట్టి కప్పాడు. మధ్యాహ్నం దాకా ఇక అది దాని ఖర్మ. టార్పాలిన్ కింద బల్లలు వేశారు, వాటి వెంట మొగలి చాపలు పరిచారు. ఒక్క గుజ్జుకే ఇబ్బంది వచ్చింది. ఆ ఏడు లోయలో వరదొచ్చి చేమమడులు కుళ్ళిపోయాయి. ఊరంతా తిరిగితే పెద్ద గిన్నెకి సరిపడా మాత్రమే దొరికింది.

పదింటికి మొకిహానా వచ్చింది. పక్కన ఒక కుర్రాడు, కెయోనీ అట, రేవులో క్రేను నడుపుతాడట, మూడు నెలల కింద పెళ్ళి చేసుకున్నారట. హౌలానీ ఇద్దర్నీ కావలించుకుని, "పెళ్ళికి పిలవని దానివి, కనీసం మొగుణ్ణి తెచ్చి చూపించావు, సంతోషం. ఏం నాయనా, తింటావా, లేక ఊరికే అందంగా నిలబడతావా?" అంది.

"తింటానత్తయ్యా. ముందు ఐసు డబ్బాలు దించుతాను" అని అతను పనిలోకి దిగాడు. మంచివాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టడానికి ఒక దారి ఉండేది.

అతను వచ్చిన ట్రక్కు వాళ్ళ బంధువుదట. వెనక సీట్లో ఏదో మెరుస్తోంటే హౌలానీ అరటిపళ్ళ గెల దించుకుంటూ తొంగి చూసింది. పిల్లల్ని కూర్చోబెట్టి బెల్టు కట్టే సీటు. కొత్తది, ప్లాస్టిక్ తొడుగు కూడా తీయలేదు. పట్టీకి కొట్టువాడు కుట్టిన అట్టముక్క వేలాడుతోంది.

ఆ సీటు ఎవరి కోసమో హౌలానీ అడగనక్కర్లేదు. గెలని అక్కడే నేలమీద పెట్టేసి వంటింట్లోకి వచ్చింది. మొకిహానా వెనకే వచ్చింది. ఆ పిల్ల మొహం చూస్తేనే తెలుస్తోంది, దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలేవో గొంతులో ఉన్నాయని.

"పెద్దమ్మా, నీతో ఒక మాట చెప్పాలి. మేం ఇల్లు తీసుకున్నాం. రెండు గదులు. ఐదింటి విమానానికి మేం..."

హౌలానీ చేయి చాపి బల్లమీదున్న గిన్నె మూత లాగేసింది.

ఎప్పుడు చాపిందో, ఎలా లాగిందో ఆమెకే తెలీదు. మూత చేతిలో ఉంది. గిన్నెలో ఊదారంగు గుజ్జు నిండుగా, నున్నగా ఉంది. మొకిహానా నోరు సగం తెరిచి అలాగే ఆగిపోయింది. ఆరేళ్ళప్పటి నుంచీ ఈ ఇంట్లో పెరిగిన పిల్ల. ఆ గరిటె దెబ్బ తనూ తిన్నదే.

"తర్వాత చెబుదువుగానిలే. గిన్నె తెరిచాను" అంది హౌలానీ.

మొకిహానా చాలాసేపు ఆమెనే చూసింది. తర్వాత కూర్చుని, మర్యాదగా ఒక వేలు గుజ్జులో ముంచి, నోట్లో పెట్టుకుంది.

నాలుగింటికి బయల్దేరితేగాని ఐదింటి విమానం అందదు. అదే ఆఖరిది. మర్నాడు పొద్దున్నే కెయోనీకి పని. నాలుగు దాటేదాకా గిన్నె తెరిచి ఉంటే అడగడానికి వీలుండదు, అడగకుండా పిల్లని తీసుకెళ్ళలేరు, ఒక్క రాత్రైనా దొరుకుతుంది. నోహెయా తన పక్కన ఇంకొక్క రాత్రి పడుకుంటుంది. అంతే.

ఆమె గిన్నెని తీసుకెళ్ళి పందిరి కింద పెద్ద బల్లమీద అందరికీ కనబడేలా పెట్టింది. అప్పటికే వచ్చి కూర్చున్న కపువా ముసలమ్మ, ఎనభై నాలుగేళ్ళది, బోసినోటితో నవ్వింది.

"పంది ఇంకా మట్టిలోనే ఉంది. అప్పుడే మూత తీశావేంటే?"

"ఆకలేసింది అవ్వా."

"నీకా? నువ్వు పుట్టాక వంట పూర్తికాకుండా తిన్నది ఎన్నడే?"

హౌలానీకి జవాబు తట్టకపోవడం చూసి ముసలమ్మ నవ్వడం మానేసింది.

ఒంటిగంటకి గొయ్యి తెరిచారు. ఆవిరితోపాటు వాసన లేచింది, జనం హోరుమన్నారు. నూట యాభై మంది పైనే. నోహెయా మెడనిండా పూలదండలతో ఒడినుంచి ఒడికి తిరుగుతోంది. ఎవరో ఉకులేలె తీసి తీగలు మీటారు. కెయోనీ కుండలు మోస్తున్నాడు, ముసలాళ్ళకి వడ్డిస్తున్నాడు, చెవిటి కలూనాకి రెండోసారి అడిగించుకోకుండా గట్టిగా జవాబు చెబుతున్నాడు. గిన్నెలో గుజ్జు చకచకా దిగిపోతోంది.

మామూలుగా ఒక్క వేలికి అంటుకుని వచ్చేదే అసలైన గుజ్జు. హౌలానీ ఒక చెంబెడు నీళ్ళు పోసి కలిపింది. రెండు వేళ్ళ గుజ్జయింది. రెండింటికల్లా ఇంకో చెంబు పోసింది. ఇప్పుడు మూడు వేళ్ళు కలిపి గిరగిరా తిప్పితేగాని నోటిదాకా రావడం లేదు. ఆ ఇంట్లో మూడు వేళ్ళ గుజ్జు పెట్టడం ఎవ్వరూ ఎరగరు. గిన్నె తెరిచి ఉంది గనక ఫిర్యాదు చేయకూడదు. వేళాకోళానికి మాత్రం అడ్డు లేదు.

"అత్తా, నా చేతివేళ్ళు అయిపోయాయి. కాళ్ళవి కూడా వాడుకోనా?" అన్నాడు పక్కింటి పడవ మేస్త్రి.

"ఇది గుజ్జా, గుజ్జు కడిగిన నీళ్ళా?" అంది ఇంకొకావిడ.

"తాగెయ్, గొంతుకి మంచిది" అన్నాడెవరో. బల్ల చుట్టూ పకపకలు. వేరే రోజైతే హౌలానీ ఒక్కొక్కరి తాతల దాకా వెళ్ళి కడిగి ఆరేసేది. ఆ రోజు చెంబు పట్టుకుని నిలబడింది. ఆ నిలబడడం చూసి నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

కలూనా వచ్చి చెవి దగ్గర, తన లెక్కలో రహస్యంగా, ఊరికంతా వినబడేలా అడిగాడు. "ఏమైందే నీకు?"

చెబుదామని నోటిదాకా వచ్చింది. ఎదురుగా గిన్నె ఉంది. మొగుడి చెవిలో కూడా చెప్పుకోలేని పరిస్థితిని తనే తెచ్చిపెట్టుకుంది. "ఏం లేదయ్యా. గుజ్జు తక్కువైంది" అంది.

కలూనా ట్రక్కులవైపు చూశాడు. చెవులు సగమే పనిచేసినా కళ్ళు బాగానే ఉన్నాయి. కొత్త సీటుని చూశాడు. తిరిగి వచ్చి, "ఆ రోజు కాగితం..." అనబోయి గిన్నెని చూసి నాలిక కరుచుకున్నాడు. టోపీ పెట్టుకుని, ట్రక్కు తీసుకుని, కనబడిన ప్రతి ఇంటి తలుపూ కొట్టి, ముప్పావుగంటకి ఒక్క చిన్న గుజ్జు సంచితో వచ్చాడు. ఎవరి ఇంట్లోనో రాత్రికని దాచుకున్నది. గిన్నెలో పిండాడు. ఊరు ఇవ్వగలిగింది అంతే.

మొకిహానా ఆ పొద్దంతా బల్ల చివర కూర్చునే ఉంది. ఎవరేం పెడితే అది తిన్నది. పిల్ల చేతులు మారుతూ తన దగ్గరికి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి గుక్కపట్టి ఏడ్చింది. రెండోసారి తల్లి చెవిపోగు దొరకబుచ్చుకుని లాగుతూ కూర్చుంది. ఆ రెండోసారి చూడ్డం హౌలానీ వల్ల కాలేదు. గిన్నె దగ్గరికి వచ్చేసింది.

కపువా ముసలమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "నీళ్ళు ఎన్నైనా పొయ్యి. గిన్నె నీది. కానీ మూత పెట్టాక ఆ పిల్లతో నోరు చేసుకోకే. మా ఇంట్లో ఏం జరిగిందో నీకు తెలుసు."

అందరికీ తెలుసు. ముసలమ్మ చెల్లెలి ఇంట్లో ఒక పిల్లవాడి కోసం ఇద్దరు ఆడవాళ్ళు చెరో పక్కా లాగారు. నెల తిరక్కుండా పిల్లవాడికి జ్వరం తగిలింది. ఏ మందుకీ దిగలేదు. బిడ్డని కన్నవాళ్ళూ పెంచినవాళ్ళూ వాదులాడుకుంటే ఆ దెబ్బ బిడ్డకే తగులుతుందని ఈ కథ ఊరికంతా చెప్పి బెదిరించింది మరెవరో కాదు, హౌలానీయే. ఇప్పుడు మూత తీసి ఉంటే మాట్లాడకూడదు, మూత పెడితే పోట్లాడకూడదు. ఆమెకి దిక్కు తోచలేదు. వెళ్ళి ఇంకో చెంబు నీళ్ళు తెచ్చింది.

మూడున్నరకి జనం పలచబడ్డారు. మిగిలింది పంచుకుని మూటలు కట్టుకుంటున్నారు. గిన్నె అడుగున నీళ్ళ పొర, పైన అంచుల వెంట ఆరుతున్న గుజ్జు. ఇంకో అరగంట. ఎవరూ అటు చేయి పెట్టడం లేదు. ఊరికి మొత్తం అర్థమైపోయింది. పడవ మేస్త్రి తన పిల్లవాడు గిన్నెవైపు వెళ్ళబోతే చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

అప్పుడు నోహెయా నిద్ర లేచింది.

పొద్దుట్నుంచీ అందరూ ముద్దాడినవాళ్ళే, కడుపు చూసినవాళ్ళు లేరు. ఆకలి ఏడుపు ఎత్తుకుంది. హౌలానీ పరుగెత్తి చంకనేసుకుంది. చిలగడదుంప చిదిపి పెట్టింది, ఉమ్మేసింది. అన్నం మెత్తగా చేసి పెట్టింది, చేత్తో నెట్టేసింది. కొబ్బరిపాల ముద్ద పెట్టింది, మొహమంతా పులుముకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆమె చూపుడు వేలిని రెండు చేతులా పట్టుకుని ఖాళీ వేలినే చీకుతోంది, అందులో ఏమీ రాకపోతే వదిలేసి కేరుమంటోంది.

కిటికీలోంచి కనబడే గోడ గడియారం నాలుగింటికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"పక్కింట్లో గుజ్జు ఉందేమో చూడవయ్యా!" అని హౌలానీ కేకేసింది.

"ఎక్కడా లేదే. అడగని ఇల్లు లేదు" అన్నాడు కలూనా. ఆ పెద్ద గొంతు మొదటిసారి సన్నబడింది.

పది నిమిషాలు. పది నిమిషాలు ఏడవనిస్తే చాలు, ఏమైపోదు, పిల్లలన్నాక ఏడుస్తారు. హౌలానీ ఆ మాట మనసులో అనుకుంది. తర్వాత ఆ అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. బల్ల దగ్గర కూలబడి, పిల్లని ఒళ్ళో సర్దుకుని, గిన్నెని దగ్గరికి లాక్కుంది. పైనున్న నీళ్ళు నేలమీద వంచేసింది. చూపుడు వేలితో అంచు చుట్టూ గీకింది. వేలికి చిక్కగా వచ్చింది, పొద్దుటి గుజ్జు, ఒక్క వేలిది. నోహెయా గబుక్కున అందుకుంది. ఏడుపు టక్కున ఆగింది.

అలా ఆ అంచు, ఈ అంచు, అడుగు. మరకలు మిగల్చకుండా తుడవడం మర్యాద. ఆ మర్యాద కూడా ఆమె ఊరికి నేర్పిందే. ఒక్కో వేలు పెడుతోంది, పిల్ల ఒక్కో వేలు నాకుతోంది. కన్నీళ్ళు కారుతుంటే భుజంతో తుడుచుకుంది, చేతులు రెండూ పనిలో ఉన్నాయి. బల్ల చివర మొకిహానా కూడా ఏడుస్తోంది. గిన్నె నున్నగా, ఖాళీగా అయింది. పిల్ల తేన్చింది.

హౌలానీ మూత అందుకుని గిన్నెమీద పెట్టింది.

"చెప్పవే. పొద్దుట్నుంచీ నోరు కట్టుకు కూర్చున్నావు. చెప్పు."

మొకిహానా లేచి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర చాపమీద కూర్చుంది. దారిపొడుగునా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. "పెద్దమ్మా, ఇచ్చేటప్పుడు నాకు తెలీదు" అంది. "రోజూ గుర్తొస్తోంది. నేను అడక్కూడదు. అడుగుతున్నాను."

పందిరి కింద మిగిలినవాళ్ళంతా హౌలానీ నోటివైపే చూస్తున్నారు. ఇప్పుడు అడ్డేమీ లేదు. ఇన్నేళ్ళుగా ఊరిని ఆడించిన నోరు. పేగులతో సహా అన్నావు కదే అని అడగొచ్చు. ఆరేళ్ళప్పుడు నిన్నెవరు ఎత్తుకున్నారే అని అడగొచ్చు. ఊరంతా ఆమె పక్షమే. ఒళ్ళో పిల్ల కడుపు నిండి, ఆమె బొటనవేలు పట్టుకుని వెచ్చగా, బరువుగా ఉంది. జ్వరం తగిలిన ఒళ్ళు కూడా ఇలాగే వెచ్చగా ఉంటుంది.

"ఎడమ పక్కకి పడుకోబెడితేనే నిద్రపోతుంది" అంది హౌలానీ. "కుడిపక్కకి తిప్పకు. స్నానం చేయించాక చెవి వెనక తుడువు, అక్కడ తడి ఉంటే పొక్కుతుంది. చెంచా వద్దు. మీ హోనోలులులో గుజ్జు సంచుల్లో అమ్ముతారట, వేసవిలో పులిసిపోతుంది, ముందు నువ్వు నాకి చూడు." ఇంకా చాలా ఉన్నాయి. అన్నీ ఒకేసారి గుర్తొచ్చి ఒకదానికొకటి అడ్డుపడి గొంతులోనే ఆగిపోయాయి.

కలూనా ఇంట్లోకి వెళ్ళి పిల్ల బట్టలు, దుప్పటి మూటకట్టి తెచ్చాడు. ఎవరి మొహం చూడకుండా ట్రక్కులో పెట్టాడు.

కెయోనీకి ఆ సీటు బెల్టులు ఎలా కట్టాలో తెలీలేదు. ప్లాస్టిక్ తొడుగు చింపాడు, ఈ పట్టీ అటు, ఆ పట్టీ ఇటు తిప్పాడు, చెమటలు పట్టాయి. "క్షమించండత్తయ్యా" అన్నాడు, దేనికన్నాడో అతనికే తెలియాలి.

"జరుగు" అంది హౌలానీ. పిల్లని తనే కూర్చోబెట్టింది. చేతులు దూర్చింది, పట్టీలు బిగించింది, తన రెండు వేళ్ళు పట్టే సందు ఉందో లేదో చూసింది. మెడ దగ్గర ఏదో గరుకుగా తగిలింది. కొట్టువాడి అట్టముక్క. అలాగే వదిలేస్తే దారిపొడుగునా పిల్ల మెడ కోసుకుపోతుంది. దారం గట్టిది, లాగితే తెగలేదు. ఆమె వంగి, నోహెయా చెంపకి చెంప ఆనించి, దారాన్ని పళ్ళతో కొరికి, అట్టముక్కని నోటితోనే లాగేసింది.

"పెద్దమ్మా, పంపించే ముందు ఒక్క మాటైనా చెప్పు" అంది మొకిహానా లోపల్నుంచి.

ట్రక్కు కదిలింది. హౌలానీ రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. నోట్లో ఆ అట్టముక్క ఇంకా పళ్ళ మధ్యే ఉంది.